పందిళ్ళపల్లి శ్రీనివాసు

దుష్టుని పేరు లోకమున శీఘ్రముగ వ్యాపించును. వానిని సన్మార్గమునకు దెచ్చుటకై ప్రాణము లర్పించిన వాని పేరో, ఆ దుష్టుని కథలో నొక ఘట్టముగ మాత్రమే మిగులును. చందనపు దొంగ వీరప్పన్ పేరు వినని వారు దక్షిణదేశమున నరుదు. వానిచే హతుడైన వనాధికారి పందిళ్ళపల్లి శ్రీనివాసు ఆంధ్రుడని యెరిగినవారు మనలోనే కొలదిమంది. ఈ కొరతను గొంత దీర్చుటయే యీ వ్యాసమున కుద్దేశము.

శ్రీనివాసు 1954 సెప్టెంబరు 12వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున జీవశాస్త్రము నభ్యసించి, 1979లో భారత అటవీ సర్వీసున బ్రవేశించెను. 1966లో నేర్పడిన యీ సర్వీసున జేరినవారు డెహరాడూనున వనశాస్త్రమునందు శిక్షణము పొందుదురు. వృక్షజాతులు, నేలల గుణములు, కలప కొలతలు, అటవీ శాసనములు అచటి పాఠ్యాంశములు. అడవి నాశ్రయించి బ్రదుకు మనుష్యుల హృదయము నెరుగుట మాత్రము ఏ పాఠశాలయు బూర్తిగ నేర్పజాలదు. దాని నాయన యుద్యోగమునందే నేర్చెను.

ఆయన కుద్యోగము లభించినది కర్ణాటక రాష్ట్రమున. అచట మలె మహదేశ్వరుని కొండల చెంత, తమిళదేశపు సరిహద్దున గోపీనాథ మను గ్రామము కలదు. వీరప్పన్ జన్మస్థల మదియే. చుట్టునున్న యడవులలో చందన వృక్షములును, దంతములకై చంపబడుచుండిన యేనుగులును గలవు. బీదలు కొందరు కూలికై దొంగల పక్షమున జేరిరి. తక్కినవారి నోళ్ళను భయము మూయించెను. 1986లో వీరప్పన్ పట్టుబడియు దప్పించుకొని పోయెను.

దొంగ బలము తుపాకియందు గంటె గ్రామస్థుల దారిద్ర్యమునందే యధికముగ గలదని శ్రీనివాసు తలచినట్లు ఆయన కార్యములవలన దోచుచున్నది. ఆయన యా పల్లెలో వైద్యసహాయమునకును, త్రాగునీటికిని, పేదల యిండ్లకును బాటుపడెను. మారియమ్మకు గుడి కట్టించెను. తెలుగువాడు, కన్నడ రాష్ట్రోద్యోగియై, తమిళము మాటాడు పల్లెవారి నడుమ ఆత్మీయుడై మెలగెను. దొంగల ముఠాలోని వారు కొందరు ఆయన మాట నమ్మి లొంగిపోయిరి.

1991 నవంబరులో వీరప్పన్ తానును లొంగెదనని కబురంపెను. శ్రీనివాసు నిరాయుధుడై వెడలెను. 10వ తేదీన వాడాయనను మోసమున గాల్చి చంపి, శిరస్సు ఖండించెను. అప్పటి కాయన వయస్సు 37 ఏండ్లు. 1992లో ప్రభుత్వ మాయనకు మరణానంతరము కీర్తిచక్ర మొసగెను. వీరప్పన్ 2004 అక్టోబరు 18వ తేదీన తమిళనాడు పోలీసులచే హతుడయ్యెను.

అట్టి వానిని నమ్ముట యవివేకము గాదా యని కొంద రడుగవచ్చును. అంతకు బూర్వము లొంగినవారు ఆయన నమ్మకమున కాధారముగ నుండిరి. కావున నది గ్రుడ్డినమ్మకము గాదు. ఆయన కృషి వ్యర్థము గాలేదనుటకు గోపీనాథ గ్రామమే సాక్షి. ఆ పల్లెవారు శ్రీనివాసు చిత్రపటమును మారియమ్మ గుడిలో నుంచి గౌరవించుచున్నారు. దొంగ పుట్టిన యూరు దొంగపక్షము వహించుట సహజము. అట్టి యూరే యధికారిని బూజించుచో, ఆ సాక్ష్యమునకు శాసనముతో సమానమైన విలువ గలదు.

అడవులకై ప్రాణము లిచ్చినవారిని దేశము సెప్టెంబరు 11వ తేదీన స్మరించుచున్నది. ఆ మరునాడే శ్రీనివాసు జన్మదినము. ఆ దినమున మన పాఠశాలలయందు బాలురకు వీరప్పన్ కథ గాక శ్రీనివాసు కథ వినిపింతుము గాక.