పెట్ అలర్జీ: మీ కుక్క అదేపనిగా గోక్కుంటోందా..? వెంట్రుకల టెస్టుకు డబ్బులు కట్టే ముందు ఇవి తెలుసుకోండి!

పెంపుడు కుక్క రాత్రంతా గోక్కుంటూనే ఉంటుంది. పాదాలు నాకి నాకి ఎర్రబడతాయి. చెవుల నుంచి వాసన వస్తుంది. ఇంజెక్షన్ చేయిస్తే నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలవుతుంది. దీంతో విసిగిపోయిన ఓనర్లు ఆన్‌లైన్‌లో వెతుకుతారు. వెంట్రుకలు, లాలాజలం పంపిస్తే చాలు, ఏ తిండి పడదో చెప్పేస్తామనే కిట్లు అక్కడ కనిపిస్తాయి. మరి వాటిని నమ్మొచ్చా?

అలర్జీ వేరు.. పడకపోవడం వేరు

ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. ఆహారంలోని ప్రోటీన్‌ను శరీరం శత్రువుగా భావించి, రోగనిరోధక వ్యవస్థ ఎదురుతిరిగితే అది అలర్జీ. దురద, చెవుల ఇన్ఫెక్షన్లు, కొన్నిసార్లు వాంతులు, విరేచనాలు కనిపిస్తాయి. పడకపోవడం అంటే అరగకపోవడం లాంటిది. ఉదాహరణకు పెద్ద పిల్లుల్లో పాలలోని లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్ తగ్గిపోతుంది. అందుకే పాలు తాగిన కొన్ని పిల్లులకు విరేచనాలు అవుతాయి.

కుక్కల్లో ఎక్కువగా అలర్జీ తెచ్చేవి బీఫ్, పాల పదార్థాలు, చికెన్, గోధుమ. పిల్లుల్లో బీఫ్, చేపలు, చికెన్. అంటే మన ఇళ్లలో రోజూ పెట్టే చికెన్ రైస్, పెరుగన్నం, చపాతీ ముక్క కూడా కారణం కావొచ్చు. ఏళ్లుగా తింటున్న తిండికి కూడా ఉన్నట్టుండి అలర్జీ రావొచ్చు.

నకిలీ బొచ్చునూ కనిపెట్టలేదు!

వెంట్రుకలు, లాలాజలం టెస్టుపై 2019లో వెటర్నరీ డెర్మటాలజీ జర్నల్‌లో ఓ అధ్యయనం వచ్చింది. అలర్జీ ఉన్న కుక్కలు, ఆరోగ్యంగా ఉన్న కుక్కల నమూనాలతో పాటు నకిలీ నమూనాలను కూడా పంపించారు. ఏది అసలో, ఏది నకిలీనో ఆ టెస్టు తేల్చలేకపోయింది. అలర్జీ ఉన్న కుక్కలను కూడా సరిగ్గా గుర్తించలేదు. ఆహార అలర్జీని తేల్చడానికి రక్త పరీక్షలు కూడా నమ్మదగినవి కావని చర్మ నిపుణులు చెబుతున్నారు.

నష్టం డబ్బుతోనే ఆగదు. తప్పుడు రిపోర్టు చూసి ఒక్కో తిండీ మానేస్తూ పోతే పోషకాలు తగ్గుతాయి. అసలు జబ్బు మాత్రం అలాగే ఉండిపోతుంది.

మరి ఎలా తేలుతుంది?

దీనికి నమ్మకమైన దారి ఎలిమినేషన్ డైట్. అంతవరకు ఎన్నడూ తినని మాంసం గానీ, ప్రోటీన్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టిన హైడ్రోలైజ్డ్ ఫుడ్ గానీ కనీసం 8 వారాలు పెట్టాలి. ఆహార అలర్జీ ఉన్న కుక్కలు, పిల్లుల్లో 90 శాతానికి పైగా ఈ 8 వారాల్లో తేడా కనిపిస్తుంది.

అక్కడితో అయిపోలేదు. పాత తిండి మళ్లీ పెట్టి చూడాలి. సాధారణంగా 2 వారాల్లోపే దురద తిరగబెడితే అలర్జీ ఖాయమైనట్టే. ఆ తర్వాత ఒక్కో పదార్థాన్ని విడివిడిగా ఇచ్చి ఏది పడటం లేదో తేల్చుకుంటారు.

చాలా ఇళ్లలో ఇది ఫెయిలయ్యేది ఇంట్లోవాళ్ల వల్లే. పిల్లలు వేసే బిస్కెట్, నానమ్మ పెట్టే పెరుగన్నం ముద్ద, మాంసం ఫ్లేవర్ ఉన్న నమిలే మాత్ర.. ఒక్కటి చాలు, వారాల కష్టం వృథా. పిల్లుల విషయంలో మరో జాగ్రత్త. కొత్త తిండి ముట్టకపోతే ఆకలికి అదే తింటుందిలే అని వదిలేయకూడదు. రెండు మూడు రోజులు తినకపోతే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది.

దుమ్ము, పుప్పొడి సంగతేంటి?

ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగులు, పుప్పొడి, బూజు కూడా దురద తెస్తాయి. ఇక్కడ చర్మంపై చేసే ఇంట్రాడెర్మల్ టెస్టు, రక్తంలో ఐజీఈ టెస్టు ఉపయోగపడతాయి. అయితే ఇవి జబ్బును నిర్ధారించడానికి కాదు. లక్షణాలను బట్టి డాక్టర్ నిర్ధారించాక, ఏ అలర్జీ కారకాలతో ఇమ్యునోథెరపీ ఇవ్వాలో ఎంచుకోవడానికి చేస్తారు. ఫలితం తెలియడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పట్టొచ్చు. టెస్టుకు ముందు కొన్ని మందులు ఆపాల్సి రావొచ్చు. అవేంటో డాక్టరే చెప్పాలి.

ముందు ఇవి చూసుకోండి

అలర్జీ అనుకునే ముందు గోమార్లు, పిడుదులు, గజ్జి, ఫంగస్, బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ లేవని తేల్చుకోవాలి. దురదకు ఇవే కారణమైతే తిండి మార్చి లాభం లేదు. ఎప్పుడు మొదలైంది, ఏ కాలంలో పెరుగుతోంది, ఏం తింటోంది అనేవి ఓ నోట్‌బుక్‌లో రాసుకుని వెళ్తే డాక్టర్ పని సగం తేలికవుతుంది. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. దగ్గరున్నవారు అక్కడ చూపించుకోవచ్చు.

మనుషుల మాత్రలు మాత్రం సొంతంగా వేయొద్దు. పారాసెటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు.