రెండు భాషల పాట

మా పిన్ని వేలూరులో నర్సుగా ఉండేది. డిసెంబరు సెలవుల్లో గుడియాత్తం నుంచి బస్సెక్కి ఆమె దగ్గరికి పోయేవాళ్లం. ఆమెతో చర్చికి పోతే, కాళ్లతో తొక్కే ఆర్గన్ మీద ఉయ్యాల ఊపినట్టు సాగే ఒక పాట వినబడేది. దాని పేరు ‘ఇన్ డుల్చి జుబిలో’ అని చాలా ఏండ్లకు గానీ తెలియలేదు. ‘తీయని సంబరంలో’ అని అర్థం.

మమ్మల్ని పట్టుకున్నది రాగం కన్నా దాని భాష. ఆరు వందల ఏండ్లు దాటిన ఆ పాటలో కొంత లాటిన్, కొంత జర్మన్. గుడి భాషలో ఎత్తుకుని ఇంటి భాషలోకి దిగుతుంది. హైన్రిష్ సూసో అనే జర్మన్ సన్యాసికి దేవదూతలు పాడి వినిపించారని ఒక కథ. 1582లో అచ్చయిన ‘పియే కాంతియోనెస్’ అనే పాటల పుస్తకంలో జర్మన్ పోయి స్వీడిష్ వచ్చింది, లాటిన్ మాత్రం అట్లే ఉంది.

మా ఇంటి మాటా ఇంతే. ఇంట్లో మగ్గం, వీధిలో తరి. ‘కడకి పోయి నూలు తీసుకురా’ అంటాం. కడ అంటే అంగడి. చిత్తూరు చుట్టాలు విని నవ్వేవాళ్లు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు వాళ్లూ మేమూ ఒకే ఉత్తర ఆర్కాడు జిల్లా అని అప్పుడు తెలిసుంటే గట్టిగానే బదులిచ్చేవాళ్లం!

ఇంగ్లీషులోకి ఈ పాట రెండు దారుల్లో వచ్చింది. 1837లో రాబర్ట్ పియర్సల్ జర్మన్ ముక్కల్ని మాత్రం ఇంగ్లీషు చేసి, లాటిన్‌ను కదిలించలేదు. 1853లో, అంటే వేలూరు ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ ఆర్కాట్ మిషన్ పుట్టిన ఏడే, జాన్ మేసన్ నీల్ అంతా ఇంగ్లీషులో రాశాడు. పాత పుస్తకంలోని స్వరాల గుర్తులు తప్పు చదవడంతో, పాటలో లేని చిన్న ముక్క ఒకటి అందులో చేరింది. మా ఓటు పియర్సల్‌కే.

ఆర్గన్ మీద దీన్ని కూర్చినవాళ్లలో పెద్ద పేరు బాఖ్‌ది. ఆయన కూర్పుల్లో బీడబ్ల్యూవీ 729 నిండుగా మోగుతుంది. ఒక్కో పాదం ఆగగానే, తరువాతి పాదం అందుకునేలోపు స్వరాలు జలజలా పరుగెత్తుతాయి. 1706లో ఆర్న్‌ష్టాట్ చర్చి పెద్దలు, పాటల్లో వింత స్వరాలు కలిపి జనాన్ని తికమక పెడుతున్నావని బాఖ్‌ను మందలించారు. ఇది వింటే ఆ పెద్దల బాధ అర్థమవుతుంది. కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ క్రిస్మస్ ఆరాధన చివర 1938లో డగ్లస్ గెస్ట్ దీన్ని వాయించాడు. తరువాత అక్కడ అదే ఆనవాయితీ అయింది.

పెద్ద ఆర్గన్లలో మంద్ర స్వరాలను పాదాలతో పలికిస్తారు, కింద వాటికి వేరే మెట్లుంటాయి. మేం విన్న ఆర్గన్లో కాళ్లు గాలి కొట్టడానికే సరిపోయేవి. మంద్రమంతా ఎడమ చేతి మీదే పడేది.

పిన్నికి ఆ పాట మాటలు రావు. చర్చిలో ఊరికే కూనిరాగం తీసేది. ఇంటికొచ్చి వంట చేస్తా అదే వరుసకి తెలుగూ అరవమూ కలిపి ఏదో కట్టి పాడేది. దాన్ని మాలో ఎవరమూ రాసి పెట్టుకోలేదు.