గూడు ఎక్కడుందో చెప్పేశారు

మార్చి మూడో వారం నుంచి నా ల్యాప్‌టాప్‌లో ఆఫీసు పనితో పాటు ఇంకో విండో కూడా తెరిచే ఉంటుంది. అందులో స్కాట్లండ్‌లోని ఒక పైన్ చెట్టు కొనమీద పెద్ద పుల్లల గూడు కనిపిస్తుంది, ఖాళీగా. మనకి రాత్రి పదకొండయితే అక్కడ సాయంత్రం అయిదున్నర, ఇంకా కాస్త వెలుతురుంటుంది. ఆ వెలుతురు పోయేదాకా చూసి పడుకుంటాను. చూసేది ఆస్ప్రే కోసం. చేపల్ని తప్ప దాదాపు ఇంకేదీ ముట్టని గద్ద అది. చలికాలమంతా పశ్చిమ ఆఫ్రికా తీరంలో, సెనెగల్, గాంబియాల్లో గడిపి, వసంతంలో వేల కిలోమీటర్లు ఎగిరి సరిగ్గా అదే చెట్టు మీదికి వస్తుంది. ఆడదీ మగదీ కలిసి రావు. చలికాలమంతా ఎక్కడివక్కడే ఉండి, కొద్ది రోజుల తేడాతో విడివిడిగా వచ్చి గూట్లో కలుసుకుంటాయి. వాటి నిష్ఠ ఒకదాని మీద ఒకదానికి కాదు, గూటి మీద. ప్రేమకథ అనుకుని చూడటం మొదలుపెట్టిన నాకు ఇది తెలిశాక కొంచెం నీరసం వచ్చిన మాట నిజం.

అయితే ఈ గూళ్ళ వెనక ఉన్న చరిత్ర ప్రేమకథ కన్నా బాగుంటుంది.

పంతొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండ్‌లో ఆస్ప్రేకి శత్రువులు ఇద్దరు. చేపల కోసం దాన్ని కాల్చేవాళ్ళు ఒకరు, గుడ్ల కోసం గూడు దోచేవాళ్ళు ఇంకొకరు. నాకు ఆసక్తి రెండోవాళ్ళ మీద, ఎందుకంటే వాళ్ళు పక్షిని ప్రేమించినవాళ్ళు. లూయిస్ డన్‌బార్ అనే ఆయన లాక్ యాన్ ఐలీన్ సరస్సు మధ్యలో ఉన్న పాడుబడ్డ కోట మీది గూటి కోసం మంచు కురుస్తుంటే చల్లటి నీళ్ళలో ఈదుకుంటూ వెళ్ళాడు. తెచ్చిన గుడ్లకి బెజ్జం పెట్టి లోపలిది ఊదేసి, విస్కీతో కడిగాడు. చార్లెస్ సెయింట్ జాన్ అనే రచయిత సదర్లండ్‌లో గూటి దగ్గరే తల్లిపక్షిని కాల్చి, అలా చేసినందుకు బాధపడుతున్నానని 1849లో తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆ బాధ నటన అని నేననుకోను. కాల్చడం, బాధపడటం, రాయడం మూడూ ఆయనకి ఒకే అభిరుచిలో భాగాలు. పక్షి అరుదయ్యేకొద్దీ దాని గుడ్డు ధర పెరిగింది, ధర పెరిగేకొద్దీ పక్షి ఇంకా అరుదైంది. చివరి గూడు 1916 నాటిదని పుస్తకాలు చెప్తాయి. పూర్తిగా ఎప్పుడూ పోలేదేమో, ఎవరికీ చెప్పని గూళ్ళు కొన్ని మిగిలే ఉన్నాయేమో అని రాయ్ డెనిస్ లాంటి అనుభవజ్ఞులు అంటారు.

1954లో స్పే నది లోయలో ఒక జత గూడు కట్టి పిల్లల్ని పెంచింది. ఎవరూ తెచ్చి వదిలినవి కావు, వాటంతట అవే వచ్చాయి. పక్షుల రక్షణ సంఘం ఆర్‌ఎస్‌పీబీ సంగతి తెలుసుకుని, ఎవరికైనా తోచే పనే చేసింది. విషయం బయటికి పొక్కకుండా చూసింది. తర్వాతి మూడేళ్ళూ గూళ్ళు విఫలమయ్యాయి. 1958లో లాక్ గార్టెన్ ప్రాంతంలో రాత్రీ పగలూ కాపలా పెట్టారు. జూన్ మొదటి వారంలో ఒక రాత్రి, చీకట్లో, కాపలా ఉండగానే ఒకడు చెట్టెక్కాడు. వీళ్ళు పరిగెత్తి వెళ్ళేసరికి అడవిలోకి మాయమయ్యాడు. చెట్టు కింద ఆస్ప్రే గుడ్లు పగిలి ఉన్నాయి. గూట్లో చూస్తే రెండు గుడ్లు! తీరా అవి బూట్ పాలిష్ పూసిన కోడిగుడ్లు. వచ్చినవాడెవడో ఇప్పటికీ తేలలేదు. నన్ను కలవరపెట్టేది ఆ బూట్ పాలిష్. ముందే ఇంట్లో కూర్చుని, రంగు సరిపోయిందో లేదో చూసుకుంటూ పూసి ఉంటాడు. అంత శ్రద్ధ పక్షి మీద ఇష్టం లేనివాడికి రాదు.

ఇక్కడ జార్జ్ వాటర్‌స్టన్ గురించి చెప్పాలి. స్కాట్లండ్‌లో ఆర్‌ఎస్‌పీబీ పని చూసేది ఆయనే. రెండో ప్రపంచయుద్ధంలో 1941లో క్రీట్‌లో పట్టుబడి జర్మన్ ఖైదీల శిబిరంలో ఉన్నాడు. ఫెయిర్ ఐల్ అనే చిన్న ద్వీపంలో పక్షుల పరిశీలన కేంద్రం పెట్టాలని అక్కడే పథకం వేసుకున్నాడు. అనారోగ్యంతో విడుదలై ఓడలో వస్తుంటే స్వదేశంలో మొదట కంటపడిన నేల ఆ ద్వీపమేనట. తర్వాత దాన్ని కొనేశాడు కూడా. ఇలాంటి మనిషి 1959లో, ఆస్ప్రేలు మళ్ళీ వచ్చి గుడ్లు పెట్టాక, అందరూ వద్దన్న పని చేశాడు. గూడు ఎక్కడుందో పత్రికలకి చెప్పేశాడు. రోడ్డు దగ్గర బోర్డు, దూరంగా ఒక మాటు, అందులో దుర్భిణీలు. రండి, చూడండి అన్నాడు. (మాటు వేటగాళ్ళ మాట. పక్షుల్ని చూసేవాళ్ళకీ అదే పనికొచ్చింది.) ఆ ఒక్క సీజన్‌లో దాదాపు పద్నాలుగు వేలమంది వచ్చారు. ముళ్ళతీగ చుట్టిన ఆ చెట్టు మీది నుంచి మూడు పిల్లలు ఎగిరాయి.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఈ వాదన కొత్త కాదు. దాచిపెట్టడమే భద్రత అనుకున్న ప్రతి సిస్టమూ, దాచిన చోటు తెలిసిన మొదటి దొంగతో కూలిపోతుంది. కానీ వాటర్‌స్టన్‌ని ఓపెన్ సోర్స్ వీరుడిగా చూపించాలన్న ఉబలాటం నాకు ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే వాళ్ళు చూపించింది ఒక్క గూడే. లోయలో తర్వాత పుట్టుకొచ్చిన మిగతా గూళ్ళన్నిటినీ రహస్యంగానే ఉంచారు. లాక్ గార్టెన్ జత ఒక రకంగా మిగతావాటి తరఫున జనం ముందు నిలబడింది. దాని ఖరీదూ అది కట్టింది. 1986లో ఎవరో రంపంతో ఆ చెట్టు మాను కోశారు, దాన్ని ఇనప బోల్టులతో బిగించి నిలబెట్టాల్సి వచ్చింది. ఫిలిప్ బ్రౌన్‌తో కలిసి వాటర్‌స్టన్ 1962లో ఆస్ప్రేల తిరిగిరాక మీద పుస్తకం రాశాడు. ఇప్పుడు బ్రిటన్‌లో రెండు వందలకి పైగా జతలున్నాయి. స్కాట్లండ్ పిల్లల్ని తీసుకెళ్ళి ఇంగ్లండ్‌లోని రట్లండ్ దగ్గర పెంచి వదిలితే 2001లో అక్కడా గూడు కట్టాయి.

మన దగ్గర ఆస్ప్రే గూడు కట్టదు. చలికాలంలో మన జలాశయాల మీద కనిపించేవి వేరే దారిన, ఉత్తరాసియా వైపు నుంచి వచ్చేవి. మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ 1860ల్లో అచ్చయిన తన పక్షుల పుస్తకంలో దీని తెలుగు పేరు కూడా రాసుకున్నాడు, కొరమీను గద్ద అని. చెరువు గట్టున నిలబడి ఎవర్నో అడిగి రాసుకునే ఉంటాడు. ఆ పేరు చెప్పినవాళ్ళు దాని గుడ్డు ఎన్నడూ చూసి ఉండరు. ఆ పేరు నాకు తెలిసింది మాత్రం ఇంగ్లీషు పుస్తకం నుంచే. మా ఇంట్లో ఎవరినడిగినా గద్ద అంటే గద్దే.

లోస్ సరస్సు దగ్గర ఒక ఆడ ఆస్ప్రే ఉండేది, లేడీ అని పిలిచేవారు. 24 ఏళ్ళు వరసగా వచ్చి, 71 గుడ్లు పెట్టి, 50 పిల్లల్ని ఎగరేసింది. 2015 వసంతంలో రాలేదు. గూట్లో దాని చోటుకి కొన్నాళ్ళకి ఇంకో ఆడపక్షి వచ్చింది. ఈ రాత్రి నా విండోలో గూడు ఇంకా ఖాళీగానే ఉంది. గాలికి ఒక పుల్ల ఊగుతోంది, మైకులో ఏవో చిన్న పిట్టల అరుపులు. రేపు ఉదయం తొమ్మిదింటికి నాకు మీటింగ్ ఉంది. ఇంకో పావుగంట చూసి పడుకుంటాను.