రిజిస్టర్లో రాసినవా అని అడిగారు

మా చిన్నమ్మ కూతురిది షాద్‌నగర్. ఎమ్మెస్‌డబ్ల్యూ చదివి, హింసకు గురైన స్త్రీల కోసం నడిచే ఒక కేంద్రంలో కౌన్సిలర్‌గా చేరింది. చేరిన నాలుగో నెలలో కొత్తూరు వైపు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె వచ్చింది. మొగుడు కొడుతున్నాడు, కేసు మాత్రం వద్దు, పిలిచి భయం చెప్పండి చాలు అంది. మా చెల్లె అతన్ని పిలిపించి మాట్లాడింది, కాగితం రాయించుకుని ఇద్దర్నీ పంపించింది. మూడు వారాలకు ఆమె విరిగిన చేత్తో తిరిగొచ్చింది.

"కాగితం రిజిస్టర్ల పెట్టినవా అనడిగిండ్రక్కా. పెట్టిన అన్న. ఆమెనేమడిగినవ్, ఆమె ఏం జెప్పింది అని ఒక్కరు గూడ అడగలే. నేను తప్పు జేసిన్నో లేదో గూడ నాకెర్కలేదు" అంది ఆ రాత్రి.

నేను సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. నా థీసిస్‌లో ప్రతి అధ్యాయాన్నీ గైడ్ దిద్దారు. ఒక నవల గురించి నేను తప్పు రాస్తే ఎవరి చెయ్యీ విరగదు. అయినా నాకు ఐదేళ్లు గైడ్ ఉన్నారు. మా చెల్లెకు ఐదు రోజులు కూడా ఎవరూ లేరు. ఇదెందుకిలా ఉందన్న ప్రశ్నే నన్ను ఈ చరిత్రలోకి తీసుకెళ్లింది.

పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికా నగరాల్లో ధర్మసంస్థల తరఫున పేదల ఇళ్లకు వెళ్లినవాళ్లలో ఎక్కువమంది మధ్యతరగతి స్త్రీలు. జీతం లేని సేవికలు. ఏ ఇంట్లో ఏం గమనించాలో జీతంమీద పనిచేసే కార్యకర్తలు వాళ్లకు నేర్పేవారు. 1898లో న్యూయార్క్‌లో దీనికోసం వేసవి బడి పెట్టారు. 1936లో వర్జీనియా రాబిన్‌సన్ కేస్‌వర్క్‌లో సూపర్విజన్ మీదనే ఒక పుస్తకం రాసింది. అనుభవమున్న మనిషి కొత్తగా వచ్చినామెతో కూర్చుని, ఏం విన్నావు, ఏం అడగలేకపోయావు, విన్నప్పుడు నీకేమనిపించింది అని మాట్లాడటం ఈ పనిలో భాగమైంది. పేదవాళ్ల నడతను తూచే మధ్యతరగతి చూపు కూడా ఇందులో ఉండింది, అది మరిచిపోకూడదు. తర్వాత ఇదే లైసెన్సుకు షరతయింది. ఇవాళ కాలిఫోర్నియాలో క్లినికల్ సోషల్ వర్కర్ కావాలంటే ఎమ్మెస్‌డబ్ల్యూ తర్వాత 3,000 గంటల పని, కనీసం 104 వారాల సూపర్విజన్ చూపించాలి.

అదే 1936లో బొంబాయిలో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ సారథ్యంలో సర్ దొరాబ్జీ టాటా స్కూలు మొదలైంది. మన దేశంలో సోషల్ వర్క్ చదువుకు అదే తొలిమెట్టు. విద్యార్థి క్షేత్రంలో చేసే పనిని ఒకరు దగ్గరుండి చూడాలన్న పద్ధతి మన కాలేజీల్లోకీ వచ్చింది. కానీ పట్టా చేతికొచ్చిన రోజే అది ఆగిపోతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌కు పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణతో కూడిన ఎంఫిల్ ఉండాలంది. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం సోషల్ వర్కర్లనూ తన జాబితాలో చేర్చింది. 2006 అక్టోబర్‌లో అమల్లోకొచ్చిన గృహహింస చట్టం గానీ, 2015లో మొదలైన సఖి కేంద్రాలు గానీ నడుస్తున్నది మా చెల్లెలాంటి వాళ్ల వినికిడి మీద. వినడం ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చే గుణమని అనుకుంటారు కాబట్టి, దానికి నేర్పు కావాలనీ తోడు కావాలనీ ఎవరికీ తోచదు.

మన పల్లెలకు 'సూపర్వైజర్' అనే మాట వేరే దారిలో వచ్చింది. 1975లో ఐసీడీఎస్ మొదలైనప్పుడు ముఖ్యసేవిక అన్న పేరుతో ఒక్కో స్త్రీకి ఇరవై పాతిక అంగన్‌వాడీలు అప్పగించారు. పిల్లల బరువులు, సరుకుల లెక్క, హాజరు పట్టీ. సూపర్వైజర్ వస్తోందంటే మా వాడకట్టు టీచరు గబగబా రిజిస్టర్లు నింపడం చిన్నప్పుడు చూశాను. పాపం, ఆ వచ్చినామె పైన ఇంకొకరికి లెక్క చెప్పాలి. పర్యవేక్షణ అంటే తనిఖీ అని మనకు అలా స్థిరపడింది.

ఇంకో దారి కూడా మన జిల్లాలోనే ఉండింది. 1993లో ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సమాఖ్య మొదలైన జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. షాద్‌నగర్ అప్పుడు ఆ జిల్లాలోదే, 2016లో రంగారెడ్డికి మారింది. ఒక్కో సహయోగిని పదేసి ఊళ్ల సంఘాలతో పనిచేసేది. తమ అనుభవాల్ని కలిసి కూర్చుని చెప్పుకోవడం ఆ కార్యక్రమానికి పునాది. ఆ పేరు పెట్టకపోయినా అదీ సూపర్విజనే. 2016 ప్రాంతంలో కేంద్రం దాన్ని విడి పథకంగా నడపడం ఆపేసింది.

లైసెన్సు వస్తే అంతా బాగవుతుందని నేననుకోను. దళిత, బహుజన సంఘం స్త్రీలు ఏళ్లతరబడి సంపాదించిన జ్ఞానాన్ని అది గేటు బయటే నిలబెట్టవచ్చు. నేనడిగేది చిన్నది. పనివేళల్లో, జీతంతో, వారానికో గంట. ఎదుట కూర్చునేది మాత్రం కాంట్రాక్టు పొడిగించే అధికారి కాకూడదు. ఉద్యోగం ఎవరి సంతకంమీద ఆధారపడిందో వాళ్లతో 'నాకు తెలియలేదు' అని ఎవరంటారు?

మా చెల్లె ఇప్పుడు నెలకోసారి తన డబ్బులతో బస్సెక్కి మహబూబ్‌నగర్ వెళ్తోంది, ఒకప్పుడు సంఘాల్లో పనిచేసిన పెద్దామె దగ్గరికి. మొదటిసారి అంతా విని ఆమె ఒకటే అడిగిందట: "కేసొద్దు అన్నప్పుడు, ఎందుకొద్దు బిడ్డా అని అడిగినవా?"

అడగలేదట. "ఇప్పుడు అందర్నీ అడుగుతున్ననక్కా" అంది.