టీ హోటలు మేనేజరమ్మా, లియో యంత్రమూ

ఆఫీసు లెక్కలు వారం వారం తప్పకుండా చేసిపెట్టిన మొట్టమొదటి కంప్యూటరు ఎక్కడ పనికి కుదిరిందో తెలుసాండీ? ఏ బ్యాంకులోనో, ఏ మిలిటరీ కచేరీలోనో అనుకుంటాం. కాదు. లండనులో టీ, బన్నులు, కేకులు అమ్ముకునే కంపెనీలో!

ఆ కంపెనీ పేరు జె. లయన్స్. 1894లో పికడిలీ వీధిలో మొదటి టీ హోటలు తెరిచి, తరువాత ఎన్నెన్నో పెట్టుకుంటూ పోయారు. హోటలు హోటలుకీ ఒక మేనేజరమ్మ. రొట్టెలూ కేకులూ మాత్రం హామర్‌స్మిత్ పేటలోని కాడ్బీ హాల్ అనే పెద్ద కార్ఖానాలో తయారై అక్కడినుంచి అన్నిచోట్లకూ వెళ్ళేవి. కప్పు టీ మీద మిగిలేది దమ్మిడీలే. ఆ దమ్మిడీలకు లెక్క రాయడానికేమో బోలెడుమంది గుమాస్తాలు.

జాన్ సిమన్స్ అని గణితంలో దిట్ట, 1923లో ఆ కంపెనీలో చేరారు. బుర్ర ఉన్న మనిషి పొద్దస్తమానం కూడికలు వేస్తూ కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. 1947లో కంపెనీ ఇద్దరు అధికారులను అమెరికా పంపితే, వారు అక్కడ విన్న కబురేమిటంటే, ఇటువంటి యంత్రం తమ దేశంలోనే కేంబ్రిడ్జి యూనివర్సిటీలో తయారవుతున్నదని! పెరట్లో చెట్టు మన కంటికి ఆనదు కదా. లయన్సు వారు యూనివర్సిటీకి 3 వేల పౌండ్లు ఇచ్చి సాయపడి, ఆ నమూనా మీద సొంత యంత్రం కట్టుకున్నారు. పేరు లియో. పాత రేడియోల్లో ఉండేటటువంటి వాల్వులు సుమారు 6 వేలు ఉండేవి అందులో. 1951 నవంబరు చివరి నుంచి బేకరీ లెక్కలు దానికి అప్పగించారు.

తరువాత జీతాల లెక్క. ఒక్క ఉద్యోగి జీతం కట్టడానికి గుమాస్తాకు 8 నిమిషాలు పట్టేది. లియో ఒకటిన్నర సెకనులో తేల్చేసింది. అయినా వెంటనే నమ్మేయలేదు. కొంతకాలం చేతిలెక్క, యంత్రం లెక్క పక్కపక్కనే నడిపించి, రెండూ సరిపోతున్నాయని నమ్మకం కుదిరాకనే, 1954లో జీతాలు దాని చేత వేయించారు. నెల జీతం మీద ఆధారపడ్డ ఇంటి ఇల్లాలికి ఈ జాగ్రత్త విలువ వేరే చెప్పాలా?

అయితే ఆ 8 నిమిషాల పని చేసిన గుమాస్తా గతేమిటని మీరడగవచ్చు. అడగవలసిందే. 1960లలో కలకత్తాలో ఎల్.ఐ.సి. ఉద్యోగులు కంప్యూటరు వద్దని పెద్ద ఆందోళన చేసింది ఈ భయంతోనే. మన బ్యాంకుల్లో కూడా 1983లో యాజమాన్యాలూ ఉద్యోగ సంఘాలూ కూర్చుని ఒప్పందం చేసుకున్నాకే యంత్రాలకు దారి దొరికింది. తెలివితక్కువవాళ్లు గనుక వద్దన్నారని తేలిగ్గా తీసిపారేయడం నాకు నచ్చదు. తిండి పోతుందేమోనన్న భయం తెలివితక్కువ ఎలా అవుతుంది?

అసలు నాకు ముచ్చటేసింది 1954 అక్టోబరులో మొదలైన టీ హోటళ్ల ఆర్డర్ల పద్ధతి. అంతకుముందు మేనేజరమ్మ మర్నాటికి ఏమేం కావాలో ఫారాలు నింపాలి. బన్నులెన్ని, కేకులెన్ని, పైలెన్ని... ఒక పక్క గిరాకీ, ఒక పక్క రాత. డేవిడ్ కామినర్ అనే ఆయన, ఆయన జట్టు దీన్ని తిరగేశారు. సోమవారం గిరాకీ ఇంచుమించు ప్రతి సోమవారంలాగే ఉంటుంది గదా! అందుకని ఏ హోటలుకు ఏ రోజున ఎంత కావాలో వాడుక పట్టీ ఒకటి తయారుచేసి యంత్రానికి ఇచ్చేశారు. మేనేజరమ్మ ఫోనులో చెప్పవలసింది మార్పులు మాత్రమే.

ఇది మనకు తెలియనిదా? వాడుక పాలవాడికి రోజూ లెక్క చెబుతామా? చుట్టాలొచ్చిననాడు, “రేపు అరలీటరు ఎక్కువ పొయ్యి” అంటాం. అంతే!

అవతల కాడ్బీ హాల్‌లో చెవులకు ఫోను తగిలించుకున్న అమ్మాయిలు ఆ మాట వింటూనే కార్డులకు చిల్లులు కొట్టేవారు. ఆ కార్డులను బట్టి కార్ఖానాలో ఎన్ని కాల్చాలి, ఏ బండిలో ఏమెక్కించాలి, ఏ హోటలు మీద ఎంత ఖర్చు రాయాలి అన్నీ లియో తేల్చేది. ఇంత జరుగుతుంటే మేనేజరమ్మ కొత్తగా నేర్చుకోవలసిన మీట ఒక్కటీ లేదు. ఆమెకున్న రాతపని తగ్గింది. ఆమెకు మాత్రమే తెలిసిన సంగతిని, అంటే రేపు తన హోటలుకు ఎందరొస్తారన్న అంచనాను, యంత్రం లాక్కోలేదు. దానికోసం ఆమెనే అడిగింది.

మన దగ్గర కొన్ని ఆఫీసుల్లో ఏం జరిగిందో మీరూ చూసే ఉంటారు. ఓ ఉదయం పెట్టె తెచ్చి బల్లమీద పెట్టించి, “ఇకనుంచి ఇందులోనే” అన్నారు. పాపం ఆ గుమాస్తాలు రిజిస్టర్లోనూ రాసి, పెట్టెలోనూ ఎక్కించి, ఒక జీతానికి రెండు చాకిరీలు చేశారు. కొన్నాళ్లకు ఆ పెట్టెకు గుడ్డ కప్పేశారు. తప్పు గుమాస్తాదా చెప్పండి?

లయన్సు వారు మరో మంచిపని చేశారు. యంత్రానికి పని చెప్పేవారిని బయటినుంచి మాత్రమే తేలేదు. సొంత ఆఫీసు వారికి చిన్న తరగతులు పెట్టి, అందులో చురుకైనవారిని ఎంచుకున్నారు. అలా 1952లో వచ్చిన పిల్ల మేరీ కూంబ్స్. చదివింది ఫ్రెంచి. చేస్తున్నది ఆఫీసులో గుమాస్తా పని. వ్యాపార కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసిన తొలి మహిళగా ఈనాడు ఆమెను చెప్పుకుంటారు.

మొదటి లియోను 1965లో ఆపేశారు. మేరీ కూంబ్స్ ఇల్లూ పిల్లలూ అయ్యాక పూర్తి ఉద్యోగం మానుకుని, కంప్యూటరు పుస్తకాలు సరిదిద్దే పని కొన్ని గంటలు చేసుకున్నారు. కొంతకాలం తీవ్రమైన అంగవైకల్యం ఉన్నవారి ఆశ్రమంలో ప్రోగ్రాములు రాయడం నేర్పారు. 2022లో కన్నుమూశారు.