అహ్మదాబాద్ మగ్గాల షెడ్డు: మార్పును చేతల్లో నేర్చుకున్న కార్మికులు

పనిచేసే చోట వచ్చే మార్పు మీద వ్యాసం రాయమంటే చాలామంది కృత్రిమ మేధతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. మన పారిశ్రామిక చరిత్రలోనే ఇంతకంటే బలమైన ఉదాహరణ ఉంది. అది అహ్మదాబాద్ కాలికో మిల్లులో 1953లో జరిగిన ప్రయోగం.

నేపథ్యం

1918 అహ్మదాబాద్ మిల్లు సమ్మె మీరు చదివే ఉంటారు. యజమానుల పక్షాన అంబాలాల్ సారాభాయ్, కార్మికుల పక్షాన ఆయన సోదరి అనసూయ. గాంధీజీ నిరాహార దీక్ష తర్వాత వివాదం మధ్యవర్తిత్వానికి వెళ్లి, 35 శాతం వేతన పెంపుతో ముగిసింది. 1920లో ఏర్పడిన మజూర్ మహాజన్ సంఘం కూడా చర్చలు, మధ్యవర్తిత్వం బాటలోనే నడిచింది. కాలికో మిల్లు ఈ సారాభాయ్ కుటుంబానిదే.

సమస్య ఎక్కడ వచ్చింది?

1952లో మిల్లులోకి ఆటోమేటిక్ మగ్గాలు వచ్చాయి. ఒక షెడ్డులో 224 మగ్గాలకు 29 మంది కార్మికులు, వారి మధ్య 12 రకాల పనులు. నేత చూసేది ఒకరు, కండెలు నింపేది మరొకరు, తెగిన పడుగు పోగులు కలిపేది ఇంకొకరు. ఒక్కొక్కరికి కేటాయించిన మగ్గాల సంఖ్య వేరు. అందువల్ల ఒక మగ్గం ఆగితే దానికి పూర్తి బాధ్యత ఎవరిదో తేలదు. యంత్రం కొత్తదే కానీ ఉత్పత్తి ఆశించినంత పెరగలేదు, పాడైన గుడ్డ ఎక్కువైంది.

ఏం చేశారు?

లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఏ.కె. రైస్ ఒక సూచన చేశారు: కొన్ని మగ్గాలను ఒక చిన్న బృందానికి పూర్తిగా అప్పగించాలి. కార్మికులు, సూపర్‌వైజర్లు ఆ ఆలోచనను తమదిగా చేసుకున్నారు. బృందంలో ఎవరుండాలో కార్మికులే తేల్చుకున్నారు. ఏడుగురికి 64 మగ్గాల లెక్కన పని మొదలైంది. ఒకరి పని మరొకరు అందుకుంటూ, లోపాలు సరిదిద్దుకుంటూ నేర్చుకున్నారు. మగ్గాల సామర్థ్యం సుమారు 80 నుంచి 95 శాతానికి పెరిగింది. పాడైన గుడ్డ సుమారు 32 నుంచి 20 శాతానికి తగ్గింది. యంత్రాలు అవే, మనుషులూ వాళ్లే. మారింది పని అమరిక.

నాణేనికి రెండో వైపు

ఇక్కడితో ఆపితే మీ వ్యాసం ఏకపక్షమవుతుంది. 1970లో ఎరిక్ మిల్లర్ తిరిగి పరిశీలించినప్పుడు ఒక షెడ్డులో బృంద పద్ధతి దాదాపు చెక్కుచెదరలేదు, మిగతా చోట్ల చాలావరకు సడలిపోయింది. 1980, 90 దశకాల్లో అహ్మదాబాద్ మిల్లులు వరుసగా మూతపడ్డాయి, కాలికో కూడా మిగలలేదు. షెడ్డులో నేర్చుకున్న నేర్పు కొత్త మగ్గాన్ని లొంగదీసుకుంది కానీ, మారిన మార్కెట్‌ను ఆపలేకపోయింది. అక్కడ కావాల్సింది ప్రభుత్వ విధానం, పునఃశిక్షణ, సామాజిక భద్రత.

పరీక్ష కోణంలో

యాజమాన్యంలో కార్మికుల భాగస్వామ్యాన్ని చెప్పే 43ఏ అధికరణ 1976లో 42వ సవరణ ద్వారా ఆదేశిక సూత్రాల్లో చేరింది. దీనికి ఉదాహరణగా కాలికోను రాయండి. జీఎస్ నాలుగో పేపర్లో పని సంస్కృతి ప్రశ్నకూ ఇది పనికొస్తుంది. రేపు మీరు అధికారిగా ఒక కార్యాలయంలో కొత్త పద్ధతి తెస్తారు. ఆ రోజు ఉత్తర్వు జారీ చేసే ముందు, ఆ పని రోజూ చేసే గుమాస్తాకు దాన్ని చేసి చూసే అవకాశం ఇవ్వండి.

సాధన ప్రశ్న: "సాంకేతికత యంత్రాన్ని మారుస్తుంది, పనిని మార్చేది మనుషులే." చర్చించండి.