జంషెడ్‌పూర్ ప్రసూతి భత్యం, అద్దెగర్భపు ఒప్పందం

ప్రతిఫలం తీసుకుని మరొక దంపతుల బిడ్డను గర్భంలో మోసి, కని, అప్పగించే పద్ధతిని వాణిజ్య సరొగసీ లేదా అద్దెగర్భం అంటారు. మాతృత్వం అమ్మకపు సరుకు కారాదన్న వాదంతో భారత పార్లమెంటు 2021లో దానిని నిషేధించింది. అయితే గర్భానికీ డబ్బుకూ లెక్క కుదరడం ఈ దేశంలో అద్దెగర్భంతో మొదలైనది కాదు. జంషెడ్‌పూర్‌లోని టాటా ఉక్కు కంపెనీ 1928లోనే ప్రసూతి భత్యాన్ని ప్రవేశపెట్టింది. ఈ విషయంలో దేశంలో తొలి శాసనమైన బొంబాయి ప్రసూతి చట్టం ఆ మరుసటి ఏడు గాని రాలేదు.

1907లో ఏర్పడిన ఆ కంపెనీ సింగ్‌భూమ్ జిల్లాలో, తర్వాత జంషెడ్‌పూర్‌గా మారిన సాక్చి గ్రామం వద్ద కర్మాగారం కట్టి, 1912లో తొలి ఉక్కు తీసి, అదే ఏడు ఎనిమిది గంటల పనిదినాన్ని, 1920లో భవిష్యనిధిని అమలులోకి తెచ్చింది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వలస వచ్చిన తెలుగువారితో పాటు చుట్టుపక్కల ఆదివాసీ స్త్రీలు కూడా అక్కడ పనిచేశారు. మట్టి, ఇటుక, బొగ్గు మోసే ఆ కూలి స్త్రీలను రేజాలనేవారు. నెలల తరబడి సమ్మె, లాకౌట్ సాగి, సుభాష్ చంద్రబోస్ మధ్యవర్తిత్వంతో ముగిసిన 1928వ సంవత్సరమే ప్రసూతి భత్యం పుట్టిన సంవత్సరం కూడా. కంపెనీ దయగా ఇచ్చినది ఎంత విలువైనదైనా, అడిగి పుచ్చుకోగల హక్కు కావడానికి శాసనం కావలసి వచ్చింది.

ఆ హక్కును దేశమంతటికీ వర్తింపజేసిన 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలోని వివరాలు ఇక్కడ ముఖ్యం. యజమాని స్త్రీని నేరుగా పనిలో పెట్టుకున్నా, ఏ ఏజెన్సీ ద్వారా పెట్టుకున్నా ఆమెను ఉద్యోగినిగానే ఆ చట్టం లెక్కించింది కనుక గుత్తేదారు చాటున తప్పించుకునే దారి మూసుకుపోయింది. గర్భం రుజువైతే ప్రసవానికి ముందు కాలపు సొమ్మును ముందుగానే, మిగిలినదానిని ప్రసవపు రుజువు అందిన 48 గంటలలోగా చెల్లించాలన్నది. గర్భస్రావమైతే ఆరు వారాల వేతన సెలవు ఇవ్వాలన్నది. దీనికి విరుద్ధంగా ఉద్యోగ ఒప్పందంలో ఏమి రాసుకున్నా చెల్లదన్నది. బిడ్డ దక్కినా దక్కకపోయినా శరీరం పడిన శ్రమకు విలువ ఉందన్న సూత్రం ఇందులో ఉంది.

అద్దెగర్భపు ఒప్పందాలు సరిగ్గా ఈ సూత్రానికి ఎదురు తిరిగాయి. వాటికి ఆధారమైన, శరీరం వెలుపల పిండాన్ని రూపొందించే విద్య మన దేశంలో 1978లో ఫలించింది. దానిని సాధించిన సుభాష్ ముఖోపాధ్యాయ నేటి జార్ఖండ్‌లోని హజారీబాగ్‌లో జన్మించినవాడు. ఆ విద్య తర్వాతి దశాబ్దాలలో వ్యాపారమై విస్తరించగా, భారత వైద్య పరిశోధన మండలి 2005లో జారీ చేసిన మార్గదర్శకాలు మోసే స్త్రీకి డబ్బు చెల్లించడాన్ని అనుమతించాయి గాని, వాటికి చట్టబలం లేదు. జపాన్ దంపతుల కోసం జరిగిన సరొగసీలో వారు విడిపోగా శిశువు భవితవ్యం 2008లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ప్రజానీతికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదనే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ఒకవైపు నిలవగా, అటువంటి ఒప్పందాలను న్యాయస్థానంలో అమలు చేయించుకోవచ్చని 2010 నాటి ముసాయిదా బిల్లు మరొకవైపు ప్రతిపాదించింది. దానితో వచ్చిన ముసాయిదా నిబంధనలు సొమ్మును ఐదు వాయిదాలుగా విభజించి, 75 శాతాన్ని ప్రసవానంతరపు చివరి వాయిదాకు వదిలాయి. అంటే తొమ్మిది నెలల అపాయమంతా స్త్రీది, చెల్లింపు మాత్రం బిడ్డ చేతికి వచ్చాక. ఒక రేజాకు దక్కవలసిన రక్షణ కూడా ఆమెకు దక్కలేదు. డబ్బు ఉండడం కన్న ఈ చెల్లింపు పద్ధతే అసలు అన్యాయం.

నిషేధం ఈ అన్యాయాన్ని సరిదిద్దలేదు. 2009లో లా కమిషన్ తన 228వ నివేదికలో వాణిజ్య పద్ధతిని నిషేధించమన్నది. 2017లో పార్లమెంటు స్థాయీ సంఘం మాత్రం, ఉచితంగా మోయమనడం కూడా దోపిడీయేనని గుర్తించి, న్యాయమైన పరిహారాన్ని సిఫారసు చేసింది. 2021లో ఆమోదం పొంది 2022 జనవరి 25న అమలులోకి వచ్చిన చట్టం మొదటి మార్గాన్నే పట్టింది. 25 నుంచి 35 ఏళ్ళ మధ్య వయసుండి, సొంత బిడ్డ ఉన్న స్త్రీ జీవితంలో ఒక్కసారి మాత్రమే, వైద్య ఖర్చులూ 36 నెలల బీమా వంటివి తప్ప మరేమీ తీసుకోకుండా మోయాలి. వాణిజ్య సరొగసీ నడిపినవారికి పదేళ్ళ వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. జంషెడ్‌పూర్ దంపతులైనా ఇప్పుడు తల్లిదండ్రుల హక్కు కోసం ముందుగా ప్రథమ శ్రేణి మేజిస్ట్రేట్ ఉత్తర్వు పొందవలసిందే.

కార్మిక చట్టమూ అసమానంగానే కదిలింది. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ, తన అండంతో మరొకరిచేత బిడ్డను మోయించుకునే తల్లికి 12 వారాల సెలవును పేరుపెట్టి ఇచ్చింది. మోసిన స్త్రీని ఆ స్థానంలో ప్రత్యేకంగా ప్రస్తావించనే లేదు. 2024 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగుల సెలవు నిబంధనలను సవరించి ఇద్దరు తల్లులకూ 180 రోజుల వరకు సెలవు వర్తింపజేసింది. ఆ సవరణ ప్రభుత్వ ఉద్యోగులకే పరిమితం. రోజుకూలి మీద బతికే స్త్రీ మరొకరి బిడ్డను మోస్తే, ఆ నెలలలో పోయిన కూలికి ఆమె తరఫున బాధ్యత వహించే యజమాని ఎవరూ లేరు.